ఆ జిట్రేగి కుందాను ఎందుకు విప్పేశాను

పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు నన్ను ఎవరూ సలహా అడగలేదు. రిటైరయ్యాక అడుగుతున్నారు. పోటీల్లో రైఫిల్ కాల్చే పిల్లలు జనగామలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, ఫోన్లో బొమ్మలు చూపించి, "తాతా, కట్టెది తీసుకోవాల్నా, ఛాసీ తీసుకోవాల్నా?" అంటారు.

రైఫిల్ గొట్టాన్ని పట్టి ఉంచే కట్టె భాగాన్ని, భుజానికి ఆనించి చెంప పెట్టేదాన్ని, మా కాలంలో కుందా అనేవాళ్ళం. ఇప్పుడు దాని బదులు అల్యూమినియం చట్రాలు వస్తున్నాయి. లారీకి ఉన్నట్టే దానికీ ఛాసీ అని పేరు.

పిల్లలకు నేను చెప్పే జవాబు చిన్నది. కట్టె వానాకాలంలో నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలంలో ఎండి ముడుచుకుంటుంది. అది కదిలినప్పుడల్లా గొట్టాన్ని నెడుతుంది. గొట్టం వెంట్రుకవాసి కదిలినా గుండు బెత్తెడు పక్కకు పోతుంది. ఛాసీ కదలదు. పైగా చెంప ఆనించే బిళ్ళను పైకీ కిందికీ, భుజానికి ఆనించే బిళ్ళను ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు. ఛాసీయే తీసుకోండి అంటాను. వాళ్ళు టీ తాగి వెళ్ళిపోతారు.

ఆ మాటలన్నీ నిజమే. కాని నేను మొదటిసారి ఒక రైఫిల్‌కు కుందా విప్పేసి ఛాసీ బిగించినప్పుడు ఆ కారణాలేవీ నా మనసులో లేవు. అవి పై అధికారికి చెప్పుకోవడానికి తర్వాత వెతుక్కున్నవి. అసలు కారణం ఈ పిల్లలకు ఎన్నడూ చెప్పలేదు. చెబితే నా దగ్గర టీ కూడా తాగరేమో.

నేను ఉద్యోగంలో చేరింది అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఏడాది. బడులు మూతపడ్డాయి. బస్సులు ఎప్పుడు నడుస్తాయో, ఎప్పుడు ఆగుతాయో తెలిసేది కాదు. జిల్లా సాయుధ పోలీసులో ఆర్మరర్ పని నాది. తుపాకులు విప్పి, తుడిచి, చెడినవి బాగుచేసి మళ్ళీ బిగించాలి. అయితే నాకు తుపాకి అంటే ఏమిటో నేర్పింది మరో ఆర్మరర్ కాదు, ఒక హవల్దారు. గార్ల ఊరి మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. నిండు మీసాలు. నేను ఆయన్ని కాకా అనేవాణ్ని. జిల్లాలో ఆయనంత గురి ఉన్నవాడు లేడు.

ఆ గురే ఆయన్ని ఆ ఏడాది జనగామలో ఒక మేడ మీదికి ఎక్కించింది. కింద బజారు నిండా జనం. కాకా చేతికి రైఫిల్ ఇచ్చి, అందరికంటే ముందు నిలబడ్డ మనిషి మీద గురి పెట్టి ఉంచమన్నారు. చెబితేనే కాల్చాలి. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఎవరూ చెప్పలేదు. సాయంత్రానికి జనం తమంతట తామే వెళ్ళిపోయారు. ఒక్క గుండు పేలలేదు. కాకా మేడ దిగి వచ్చాడు. మెడ మాత్రం కుడి పక్కకు వాలి అట్లాగే ఉండిపోయింది.

దవాఖానలో కట్టు కట్టారు. ఎవరెవరో ఇచ్చిన నూనెలు రాసుకున్నాడు. మెడ నిలవలేదు.

ఒకసారి ఊరుకోలేక అన్నాను. "కాల్వమని ఆర్డర్ రాలే గద కాకా. మంచిగనే అయ్యింది గద."

ఆయన గొట్టంలోకి చూస్తూ శుభ్రం చేస్తున్నాడు. తల ఎత్తలేదు.

"మంచిగనే అయ్యింది బిడ్డా. ఎర్రంగీ తొడుక్కున్నడు గాయిన. పొద్దుగాల్నుంచి పొద్దుమీకెదాక నేను గాయిన్ని సంపుకుంటనే ఉన్న. గాయినకు ఎర్కలేదు. ఇంటికి పోయి, అన్నం తిని పండుకున్నడు కావచ్చు."

మళ్ళీ ఆ సంగతి మేం ఎత్తలేదు.

మా దగ్గర పోటీల కోసం ఒక పాయింట్ టూటూ రైఫిల్ ఉండేది. దాని సర్కారీ కుందాను చెదలు తినేశాయి. కాకా తన సొంతానికి మరొకటి చేయించుకుంటానని అనుమతి తీసుకున్నాడు. భూపాలపల్లి అడవి వైపు నుంచి వచ్చిన నల్లచేవ జిట్రేగి దుంగ ఒకటి సంపాదించి, మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, తనకు తెలిసిన వడ్రంగి దగ్గరికి తీసుకుపోయాడు. నేనూ వెంట వెళ్ళాను. మామూలుగా కుందాను తుపాకి కొలతను బట్టి చెక్కుతారు. కాకా మాత్రం కొట్టం ముందర చాప పరిపించుకుని బోర్లా పడుకున్నాడు. వడ్రంగి కొంచెం చెక్కడం, కాకా చెంప పెట్టి చూసి 'ఇంకొంచెం' అనడం, మళ్ళీ చెక్కడం. ఆ వాలిన మెడకు, ఆ దవడ ఎముకకు సరిపోయేలా కట్టెలో ఒక గుంట పడేదాకా అట్లా సాగింది.

వడ్రంగి చెమట తుడుచుకుంటూ నాతో మెల్లగా అన్నాడు. "తుపాకి చేస్తున్ననా, పాడె చేస్తున్ననా సమజైతలేదు సారూ. మనిషిని పండవెట్టి కొల్త తీసుడు నేనెన్నడు చెయ్యలే."

ఆ కుందా వచ్చాక కాకాను ఓడించినవాడు లేడు. ఆయనే చెప్పేవాడు, చెంప ఆ గుంటలో పెట్టినప్పుడు తప్ప మెడ నొప్పి తగ్గదని. పోటీలో పది గుండ్లు కాల్చాలి. తొమ్మిది చకచకా కాల్చేసేవాడు. ప్రతి గుండుకు ముందు బొటనవేలితో మీసాన్ని ఇటూ అటూ దువ్వుకునేవాడు, వెంట్రుకలు కట్టెకు, చెంపకు మధ్య నలగకుండా. పదో గుండుకు మాత్రం ఆగిపోయేవాడు. ఎంతసేపైనా అట్లాగే ఉండేవాడు. ఎవరైనా తొందరపెడితే పెదవులు కదలకుండా "ఇంక కాలే" అనేవాడు, ఇంకా అవలేదని. చివరికి కాల్చేవాడు. అది లక్ష్యం నడిమి చుక్కలోనే ఉండేది.

ఒక చలికాలం పొద్దున జనగామ బయట గుట్ట వెనక మా ఫైరింగ్ రేంజిలో అందరూ కాల్చి లేచారు. కాకా పదో గుండు మిగిలింది. మేం బీడీలు ముట్టించుకున్నాం. "కాకా గుడ్లు పొదుగుతుండు" అని ఒకరన్నారు. నవ్వుకున్నాం. గుట్ట మీదికి ఎండ వచ్చింది. గడ్డి మీద మంచు ఆరిపోయింది. నాకు రైఫిళ్ళు లెక్కపెట్టి బండికి ఎక్కించే పని ఉంది. దగ్గరికి వెళ్ళి వంగాను.

ఒక నల్ల చీమ ఆయన ముక్కు పక్కనుంచి ఎక్కి కనుగుడ్డు మీద నడిచింది. రెప్ప కదలలేదు.

నేను బోల్టు లాగాను. పేలని గుండు నా అరచేతిలో పడింది. చెంప కింది నుంచి రైఫిల్‌ను మెల్లగా తీశాను. తల కిందికి వాలిపోతుందని చెయ్యి అడ్డం పెట్టాను. వాలలేదు. కింద ఏమీ లేకపోయినా, ఇంకా దేనికో ఆనినట్టు, అదే వంపులో గాలిలో ఆగి ఉంది. కళ్ళు లక్ష్యం వైపే ఉన్నాయి.

గుండె ఆగిందని దవాఖానలో చెప్పారు. ఎప్పుడు ఆగిందో చెప్పలేకపోయారు. మేం నవ్వినప్పుడు ఆయన ఉన్నాడో లేడో నాకు ఈనాటికీ తెలియదు. గార్ల నుంచి ఆయన భార్య వచ్చి శవాన్ని తీసుకుపోయింది. రైఫిల్ మా ఆయుధాగారంలో ఒక మూల చేరింది. దాన్ని ఎవరూ అడగలేదు. నూనె రాసే రోజు వస్తే దానికీ రాసి పెట్టేవాణ్ని.

ఎమర్జెన్సీ వచ్చింది, పోయింది. తర్వాత మాకు కోస్తా వైపు నుంచి కొత్త రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. చెడ్డవాడు కాడు. మా యాస విని ముసిముసిగా నవ్వేవాడు, అంతే. ఆయనకు రాష్ట్ర పోలీసు పోటీల్లో కప్పు గెలవాలని పట్టుదల. మనుషుల్ని ఏరి ఒక జట్టు కట్టాడు. అందులో టేకుమట్ల నుంచి వచ్చిన ఒక యువ కానిస్టేబుల్ ఉన్నాడు. క్రైస్తవుల ఇంటి పిల్లవాడు. కాకాకు పూర్తిగా భిన్నం. నిలువెత్తు మనిషి, నున్నగా గీసుకున్న ముఖం, తాటిమాను లాంటి నిటారు మెడ. మంచి గొంతు. బ్యారక్‌లో స్నానం చేస్తున్నప్పుడు కూడా పాడేవాడు. కాకాను అతను ఎన్నడూ చూడలేదు. కాకా పోయేనాటికి అతనింకా ఊళ్ళో బడికి పోతున్నాడు.

మంచి రైఫిల్ ఆ మూలన ఉన్నదొక్కటే మిగలడంతో అది అతని వంతుకు వచ్చింది. మొదటి రోజే నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, గిది నాకు కుదుర్తలేదు. వేరెటోళ్ళు పండుకున్న మంచంల, ఆల్లు లేవకముందే పండుకున్నట్టున్నది."

గుంటను కొంచెం చెక్కి సరిచేస్తానన్నాను. ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోలేదు. "కప్పులు గెలిచిన తుపాకీ అంటున్నారుగా. దాన్ని ముట్టుకోకు. కుర్రాడే అలవాటు పడతాడు" అన్నాడు.

కుర్రాడు అలవాటు పడ్డాడు. వానాకాలం వచ్చేసరికి అతని గుండ్లు దగ్గర దగ్గర పడడం మొదలైంది. దసరా నాటికి జట్టులో అందరినీ దాటిపోయాడు. ఇన్‌స్పెక్టర్ అతని భుజం తట్టి, పాలు, గుడ్లు ఎక్కువ పెట్టమని మెస్‌కు చెప్పాడు. నేను మాత్రం ఇంకేదో చూస్తున్నాను.

మొదట మెడ. తుపాకి కింద పెట్టి లేచాక కూడా కాసేపు కుడి పక్కకు వాలి ఉండేది. ఆ కాసేపు రోజురోజుకూ పెరిగింది. పాట తగ్గింది. ఒకరోజు రేంజిలో అతని పక్కన కూర్చుని ఉన్నాను. గుండు కాల్చే ముందు అతను కుడిచేతి బొటనవేలితో పైపెదవి మీద ఇటూ అటూ రాసుకున్నాడు. నున్నగా గీసుకున్న పెదవి. అక్కడ దువ్వడానికి ఏమీ లేదు. తర్వాతి గుండుకూ అంతే. ఆ తర్వాతి గుండుకూ అంతే.

మీలో ఈ పని చేసేవాళ్ళకు తెలుసు, కుందా మనిషిని తన ఆకారంలోకి లాగుతుంది. ఒక మనిషి ఒంటికి చెక్కిన దాంట్లో ఇంకో మనిషి ఇమడాలంటే ఆ మెడ పెట్టాలి, ఆ భుజం వంచాలి, ఆ ఊపిరి పీల్చాలి. అక్కడిదాకా నేను ఒప్పుకుంటాను. లేని మీసాన్ని దువ్వుకోవడం ఏ కొలతలో వస్తుందో నాకు తెలియదు.

ఇంకొకటి కూడా ఉంది. చలి రోజుల్లో పొద్దున్నే ఆయుధాగారం తెరిస్తే అన్ని తుపాకులూ మంచుగడ్డల్లా ఉండేవి. నేను వరుసగా తుడుచుకుంటూ వచ్చి ఆ గుంటలో వేలు పెడితే, అక్కడ మాత్రం గోరువెచ్చగా ఉండేది. ఇప్పుడే ఎవరో చెంప తీసినట్టు. జిట్రేగి చేవ ఉన్న కట్టె, ఇనుమంత చల్లబడదు అని నాకు నేను చెప్పుకునేవాణ్ని. పక్కనున్న మరో కట్టె కుందాను కూడా ముట్టుకుని చూసేవాణ్ని. అది చల్లగానే ఉండేది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం అతని తల్లి టేకుమట్ల నుంచి వచ్చింది. కొడుకు డ్యూటీలో ఉంటే నా దగ్గర కూర్చోబెట్టారు. కూలి పని చేసే మనిషి. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, చాలాసేపు తటపటాయించి అడిగింది.

"సారూ, మా పోరనికి ఏం పని చెప్తుండ్రు ఈడ?"

"ఏం పెద్ద పని లేదమ్మా. పోటీలకు తుపాకి కాల్సుడు నేర్సుకుంటుండు."

"ఇంటికొస్తే గడప మీద కూసుంటడు. మెడ గిట్ల వంపుతడు. ఎదురుంగ ఏమీ లేకున్న సూస్తనే ఉంటడు. కండ్లు ఆర్పడు. పిలిస్తే పల్కడు. ఒకపారి దగ్గరికి పోయి ఊపిన. 'ఇంక కాలే' అన్నడు. ఏం కాలేరా అంటే, నేనేమన్న అని నన్నే అడిగిండు. ప్రార్థన చేయించిన. తగ్గలే. మీరు సదువుకున్నోళ్ళు. జర సూడుండ్రి."

ఆ రెండు మాటలు అదివరకు నేను కాకా నోటనే విన్నాను. చూస్తానమ్మా అన్నాను.

సాయంత్రం అతను రైఫిల్ అప్పగించడానికి వస్తే, మామూలుగా అడుగుతున్నట్టు అడిగాను. "పదో గుండుకు గంత సేపు ఎందుకు ఆగుతున్నవురా?"

"సుక్క కనవడదన్నా. ఎవలో అడ్డం నిలవడుతరు."

"ఎవలు?"

"ఎర్కలే. ముఖం కనవడదు. అంగీ కనవడ్తది."

అడగకుండా ఉండాల్సింది. కాని అడిగాను. "ఏం రంగు అంగీ?"

అతను నా వైపు వింతగా చూశాడు, ఇంతకాలం నేనే దాన్ని చూపిస్తున్నట్టు. "ఎర్రది. నీకు ఎర్కే గదన్నా."

కాకా ఆ ముచ్చట నాకు ఒక్కడికే చెప్పాడని అనుకునేవాణ్ని. ఇంకెవరికైనా కూడా చెప్పి ఉండవచ్చు. బ్యారక్‌లో పాత మాటలు గోడలకు అంటుకుని ఉంటాయి, పడుకున్నవాళ్ళ చెవిలో పడతాయి. అట్లా అనుకుంటేనే నాకు బాగుంటుంది.

ఛాసీ సంగతి అప్పటికే కొంత తెలుసు. శిక్షణ ఇవ్వడానికి వచ్చిన ఒక రిటైర్డు సైనికుడి దగ్గర విదేశీ పత్రికలో బొమ్మ చూశాను. కట్టె లేని రైఫిల్. మధ్యలో ఒక లోహపు దిమ్మె, దానికి బిగించిన గొట్టం, జరుపుకునే బిళ్ళలు. అప్పుడది నాకు ఎముకల గూడులా కనిపించి నవ్వొచ్చింది. ఇప్పుడు ఆ బొమ్మే దిక్కయింది. రైల్వేలో టర్నర్‌గా పనిచేసే నా దోస్తు ఒకడుంటే వాడికి గీసి చూపించాను. సెలవు రోజుల్లో ఇద్దరం కలిసి అల్యూమినియం దిమ్మె కోసి, గాడి తీసి, నట్లు అమర్చాం. మొదటిది చెడిపోయింది. నేను మరలు మరీ బిగించేసరికి గుండ్లు శనగలు చల్లినట్టు పడ్డాయి. దోస్తు తిట్టాడు. రెండోది కుదిరింది. చెంప బిళ్ళకు తోలు చుట్టాను.

తీసుకెళ్ళి ఇన్‌స్పెక్టర్ బల్ల మీద పెట్టాను.

"ఏంటయ్యా ఇది? గొడుగు ఊచలకి కాళ్ళొచ్చినట్టుంది."

వాన, ఎండ, కట్టె ఉబ్బడం, గొట్టం కదలడం అన్నీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"బాగానే ఉందయ్యా. మరి ఈ వానాకాలమంతా కుర్రాడి స్కోరు పెరుగుతూనే వచ్చిందే? కట్టె ఉబ్బలేదా?"

నేను చెంప బిళ్ళ మీది తోలు సర్దాను. ఆయన నా ముఖం చూసి, ఏమనుకున్నాడో, "సరే, రెండూ పట్రా. నా కళ్ళముందు పది పది కాల్పించు. ఏది గెలిస్తే అదే పోటీకి పోతుంది" అన్నాడు.

ఆ రోజు గుట్ట వెనక గాలి లేదు. ఎర్ర జెండా కర్రకు అతుక్కుని వేలాడుతోంది. నడినెత్తిన సూర్యుడు. మనుషుల నీడలు కాళ్ళ కిందికి వచ్చేశాయి.

మొదట ఛాసీతో. అతను చెంప ఆనించి వెంటనే తల తీశాడు. "సచ్చినోన్ని ముట్టుకున్నట్టున్నదన్నా" అన్నాడు. పది గుండ్లూ ఎక్కడా ఆగకుండా కాల్చాడు. మామూలుగా ఉన్నాయి. చెడ్డవి కావు, గొప్పవీ కావు. ఇన్‌స్పెక్టర్ నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు.

నేను ఛాసీ విప్పి జిట్రేగి కుందా బిగించి ఇచ్చాను. అతను దాంట్లోకి ఒదిగిపోయాడు. ఆ మాట తప్ప వేరే మాట లేదు. అంత పొడుగు మనిషి పొట్టిగా కనిపించాడు. పెదవి మీద బొటనవేలు అటూ ఇటూ ఆడింది. తొమ్మిది గుండ్లు ఒకే కంతలోంచి పోయాయి. దుర్బీనులో చూసిన ఇన్‌స్పెక్టర్ "అబ్బ" అన్నాడు.

పదోది.

కాసేపు గడిచింది. ఇంకాసేపు. ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. తర్వాత చూసుకోవడం మానేశాడు. గుట్ట మీద అరుస్తున్న కాకులు ఎప్పుడు ఆగాయో గమనించలేదు. ఆగిపోయాయని మాత్రం తెలిసింది.

నేను అడుగు ముందుకు వేశాను.

"ఆగు, కాల్చనివ్వు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

నేను ఆగలేదు. పక్క నుంచి వెళ్ళి చాప మీద వంగాను. చీమ అతని చెంప మీద ఉంది. కుందా మీద నుంచే ఎక్కినట్టుంది. మెల్లగా పైకి పాకి కంటి మూలకు చేరి, తెల్లగుడ్డు మీద నడిచింది. రెప్ప కదలలేదు.

కాని ఊపిరి ఉంది. వీపు మీద చెయ్యి ఆనిస్తే గుండె కొట్టుకోవడం తెలిసింది. అది చాలా నిదానంగా, ఎంతో దూరం నుంచి వస్తున్నట్టు ఉంది. నేను అతని పక్కన బోర్లా పడుకుని, పేరు పెట్టి పిలిచాను. రెండుసార్లు పిలిచాను. పలకలేదు.

అప్పుడు నా నోటి నుంచి ఆ మాటలు ఎట్లా వచ్చాయో నాకు తెలియదు. ఆలోచించి అన్నవి కావు.

"కాకా, ఇగ చాలు. గాయిన ఇంటికి పోయిండు. ఎప్పుడో పోయిండు."

రెప్ప పడింది.

నేను బోల్టు లాగాను. గుండు చాప మీద దొర్లింది. బావిలోంచి పైకి తేలినవాడిలా అతను ఒక్కసారి ఊపిరి లాగి, దగ్గి, వెల్లకిలా తిరిగి, కన్ను నులుముకున్నాడు. "కంట్లె ఏమో పడ్డదన్నా" అన్నాడు. ఆ తర్వాత ఏడవడం మొదలుపెట్టాడు. ఎందుకు ఏడుస్తున్నాడో అతనికి తెలియదు. అతని తల కింద చెయ్యి పెట్టి నేను అట్లాగే కూర్చున్నాను.

ఇన్‌స్పెక్టర్ కాకా చావును చూసినవాడు కాదు. ఆ కథ ఆయనకు ఎవరూ చెప్పలేదు. అయినా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని అన్నాడు.

"ఆ ఇనపదే బిగించవయ్యా."

"స్కోరు..."

"బిగించమన్నాను."

పై అధికారులకు మాత్రం కట్టె వానకు ఉబ్బుతుందని రాయించాడు. ఆ కారణమే శాఖలో నిలబడిపోయింది. నేను కూడా ఇప్పుడు పిల్లలకు అదే చెబుతున్నాను.

ఆ ఏడు రాష్ట్ర పోటీల్లో మాకు ఏ కప్పూ రాలేదు. మా తుపాకిని చూసి మిగతా జిల్లాల వాళ్ళు 'గొడుగొచ్చింది' అని నవ్వారు. ఇన్‌స్పెక్టర్‌కు బదిలీ అయింది. పోతూ పోతూ నాతో చెయ్యి కలిపాడు కాని ఆ సంగతి ఎత్తలేదు. టేకుమట్ల పిల్లవాడు ఛాసీ బిళ్ళల్ని తన పొడుగు మెడకు తగ్గట్టు జరుపుకుంటూ, మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నాడు. కాకా అంతటి వాడు కాలేదు. కాని తర్వాతి సంవత్సరాల్లో రెండు మూడు సార్లు పతకం తెచ్చాడు. అప్పటికి మిగతా జిల్లాల వాళ్ళూ ఛాసీలు కొన్నారు, ఎవరూ నవ్వలేదు. మెడ నిటారుగా నిలవడానికి చాలా నెలలు పట్టింది. పాట మాత్రం ముందే వచ్చింది.

ఇక ఆ కుందా. అది సర్కారుది కాదు, కాకా సొంతం. కాబట్టి ఆయన ఇంటికి చేర్చాలి. పిల్లవాడు తానూ వస్తానన్నాడు. గోనె సంచిలో చుట్టుకుని మానుకోటలో ప్యాసింజరు ఎక్కి గార్లలో దిగాం.

కాకా భార్య ఒక్కతే ఉంటోంది. నేను చిన్నమ్మా అని పిలిచి, మంచం మీద కూర్చుని, జరిగినదంతా దాచకుండా చెప్పాను. పిల్లవాడు తల వంచుకుని విన్నాడు. అంతా విన్నాక ఆమె అతన్ని దగ్గరికి పిలిచింది. వంగమని, మెడ వెనక చేత్తో తడిమి చూసింది. ఎద్దును కొనేవాళ్ళు చూసినట్టు రెండు పక్కలా నొక్కి చూసింది.

"నొస్తున్నదా బిడ్డా?"

"ఇప్పుడు లేదవ్వా."

ఆమె గోనె విప్పి కుందాను ఒళ్ళో పెట్టుకుంది. గుంటలో అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచింది. వెచ్చగా ఉందో చల్లగా ఉందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

"నా పక్కన పండుకున్న రోజులు తక్వ, గీని మీద పండుకున్న రోజులు ఎక్వ" అంది. తర్వాత, "దినాలప్పుడు గాయిన బట్టలు ఇచ్చినం. చెప్పులు, చేతికట్టె, నులక మంచం అన్ని కాలవెట్టినం. గిదొక్కటి మీ సర్కారు కాడ ఉండిపోయింది. గందుకే పోలేదు కావచ్చు."

లేచి పొయ్యి దగ్గరికి నడిచింది. మేం తేరుకునేలోపు పొయ్యిలో కుందా కొస పెట్టి, పిడక ముక్క ముట్టించింది. నేను లేవబోయాను. పోటీలు గెలిచిన కట్టె, అంత మంచి పనితనం అని నాలోని ఆర్మరర్ అంటున్నాడు. ఆమె నా వైపు చూసి, "కూసో. వంట కాలే ఇంక. మీరు అన్నం తినకుంట పోతరా?" అంది.

జిట్రేగి తొందరగా అంటుకోదు. ఏళ్ళ తరబడి నూనె తాగిన కట్టె అంటుకున్నాక ఆరదు. గొట్టం ఉండే గాడి వైపు మొదట కాలింది. గుంట ఉన్న చోట మంట వచ్చి ఆగింది. ఆ చుట్టూ తిరిగింది. ఆమె పుల్లతో ముందుకు తోసింది. అప్పుడు నీలంగా ఒక్క మంట లేచి, ఇల్లంతా మా రేంజి వాసన కమ్ముకుంది. పిల్లవాడు నా చెయ్యి పట్టుకున్నాడు. కుండ మూత కింద ఎసరు మరిగింది. ఆమె బియ్యం పోసింది, ఆ తర్వాత పప్పు పెట్టింది. ముగ్గురం ఆ మంటనే చూస్తూ కూర్చున్నాం. చివరికి పొయ్యిలో మిగిలింది బూడిదే.

ఆమె విస్తర్లు వేసి వడ్డించింది. మొదటి ముద్ద చేతిలోకి తీసుకుని నేను ఆగిపోయాను. ఆ మంట మీద ఉడికిన అన్నానికి వేరే రుచి ఏదైనా ఉంటుందేమోనని నిజంగానే భయం వేసింది. పక్కకు చూస్తే పిల్లవాడు అప్పటికే సగం తినేశాడు. మెడ నిలిపి, ఆకలిగా తింటున్నాడు. ఆమె అతని ఆకులో మళ్ళీ వేసింది.

నేనూ తిన్నాను. మామూలు అన్నమే. పప్పులో ఉప్పు కొంచెం తక్కువైంది, అంతే.